చేతిలో ఒకటి

హకొదాతెలో నాలుగు రోజులుగా మంచు ఆగలేదు.
ముప్ఫై ఎనిమిదేళ్ళు ట్రామ్ నడిపిన చేత్తో
ఇప్పుడు పెన్సిల్ నడుపుతున్నాను
ఖర్చుల పుస్తకంలో, పట్టాల్లేకుండా.

పింఛను సరి నెలల్లోనే వస్తుంది, పదిహేనో తారీకున.
బేసి నెలల్లో ఆకలి వేయదని
ఎవరు చెప్పారో వాళ్ళకి.
డైపర్లు. మెత్తగా ఉడికించిన అన్నం.
వారానికి రెండుసార్లు వ్యానులో తొట్టె తెచ్చి
నీకు స్నానం చేయించి పోయే ఇద్దరమ్మాయిలు.
పదోవంతు మనది, మిగతాది బీమాది.
వేన్నీళ్ళకు చన్నీళ్ళే, కాదనను,
కాగు అడుగున చిల్లి ఉందంతే.

లెక్క తేలాలంటే ఒక అంకె కావాలి:
ఎన్నేళ్ళ దాకా, అని.
ఇసోకో, నీకు తొంభై అని రాశాను. డబ్బు చాలలేదు.
ఎనభై ఆరు అని రాశాను. చాలింది.
హమ్మయ్య అనుకున్నాను.
అనుకున్నది ఏమిటో అర్థమయ్యాక
కాగితం చిరిగేదాకా రబ్బరుతో రుద్దాను.

మదింపుకి నరుమి గారు వచ్చింది, బూట్ల నిండా మంచుతో.
డెబ్బై నాలుగు ప్రశ్నలట.
మూడో అంచె ఇస్తే ప్రభుత్వ నివాసానికి
వరసలో పేరు రాయించుకోవచ్చు.
ఆ పొద్దునే నువ్వు నా చెప్పులు ఫ్రిజ్‌లో పెట్టి
"డ్రైవర్ గారూ, జూజిగై దాటిపోయిందా?" అని
నన్నే అడిగావు.
తలుపు గంట మోగిందో లేదో
పెదవులకు రంగు, మెడలో ముత్యాలు.
ఎక్కడ దొరికాయి నీకవి?
పుట్టినరోజు చెప్పావు. సంవత్సరంతో సహా.
ఇది ఏ రుతువండీ అంటే
"మీ బూట్లని అడగండి" అన్నావు.
టీ పోశావు, ఒక్క చుక్క ఒలకలేదు.
నేను పక్కన కూర్చుని పొంగిపోతూ,
బల్ల కింద మోకాలు వణుకుతూ, లోపల్లోపల
ఒక్కటైనా తప్పు చెప్పవే, ఒక్కటి, అని బతిమాలుతూ.

ఆవిడ వెళ్ళాక అడిగావు:
"ఉద్యోగం ఇస్తారంటావా నాకు?"

నెలకి ఉత్తరం వచ్చింది. రెండో అంచె.
ఇక మిగిలింది కొండవాలున ఉన్న ప్రైవేటు నివాసం.
కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది,
ఆ సముద్రానికి కూడా అద్దె కట్టాలి.
మూడు నెలల్లోగా అప్పీలు చేసుకోవచ్చని
ఒక ఫారం పెట్టారు కవరులో.
ఆమె ఏమేమి చేయలేరో వివరంగా రాయండి.
యాభై ఒక్కేళ్ళలో నీ మీద చాడీ
మా అమ్మతో కూడా చెప్పలేదు నేను.
ఇప్పుడు పురపాలక కార్యాలయానికి,
అదీ మూడు కాపీల్లో.

మొదటి గడిలో రాశాను: నా పేరు గుర్తులేదు.
రెండో గడిలో: స్టవ్ ఆర్పదు.
మూడోది రాద్దామని పెన్సిల్ చెక్కుతుంటే
నువ్వు వచ్చి వెనక నిలబడ్డావు.
ఫారం వంక చూడలేదు. పక్కనున్న ఖర్చుల పుస్తకం
నీ వైపు తిప్పుకున్నావు.
స్క్విడ్ ఎండబెట్టే కంపెనీలో ఇరవై ఏళ్ళు
పద్దులు రాసిన వేలు
గడి వెంట పైనుంచి కిందికి జారి
లక్షల దగ్గర ఆగింది.

"ఎవరు కూడారిది?
చేతిలో ఒకటి ఉంది కదా,
కలపడం మరిచిపోయారు."

మళ్ళీ కూడాను. నిజమే.
ఖర్చు ఇంకో లక్ష యెన్లు పెరిగింది.
నువ్వు కిటికీ దగ్గరికి పోయి
ట్రామ్ ఎప్పుడొస్తుందని చూస్తున్నావు.
మూడో గడి ఖాళీగానే ఉంది.
గడువు మార్చి నెలాఖరు.